నలభై రెండో పేరు

మా అబ్బా మీద సినిమా తీస్తానంటూ ప్రేమ్‌సాగర్ మా గడప తొక్కింది రెండువేల ఇరవై నాలుగు రంజాన్ నెలలో, మిట్టమధ్యాహ్నం వేళ. కోరుట్లలో ఎండలు అప్పటికే ముదిరాయి. నేను జగిత్యాల ఆసుపత్రిలో నర్సును. ఆ రోజు నాకు సెలవు. తలుపు తీసేసరికి సన్నటి మనిషి, చెంపల నిండా గడ్డం, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

“ఖాజా సార్ ఇల్లు గిదేనా?”

అడుగుతూనే, లోపల మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్న అబ్బాను చూశాడు. చెప్పులు విడిచి, నన్ను దాటుకుని వెళ్లి కాళ్లకు మొక్కాడు.

“ఎవరు బేటా?”

“ప్రేమ్‌సాగర్ సార్. సిరిసిల్ల. రెండువేల మూడు టెన్త్ బ్యాచి. మూడో బెంచి.”

అబ్బా కళ్లద్దాలు సవరించుకున్నాడు. “ఎడమ చేత్తోని రాసేటోడివి. నువ్వు ఏడు ఏస్తే ఒకటి లెక్క కనపడుతుండె.”

ప్రేమ్‌సాగర్ నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

అబ్బా సిరిసిల్లలో ఒక సర్కారు బడిలో పద్దెనిమిదేళ్లు లెక్కలు చెప్పాడు. ఆ రెండువేల మూడు సంవత్సరం సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మర మగ్గాలు మూతపడుతున్న రోజులు. మగవాళ్లు బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భీవండి బాట పట్టారు. టెన్త్ పిల్లలను బడి మాన్పించి సాంచల మీదికి పంపుతున్నారు. మర మగ్గాన్ని అక్కడ సాంచ అనే అంటారు. అబ్బా తెల్లారకముందే లేచి షెడ్డు షెడ్డూ తిరిగేవాడు. తల్లిదండ్రులను బతిమాలి పిల్లలను వెనక్కి తెచ్చేవాడు. ఆ ఏడాది నలభై ఒక్కమంది పరీక్ష రాస్తే నలభై ఒక్కమందీ పాసయ్యారు. నూరు శాతం. కలెక్టరు శాలువా కప్పాడు. పేపర్లో ఫోటో పడింది. ఆ కాగితం ముక్క ఫ్రేము కట్టి మా ముందరి గదిలో వేలాడుతూ ఉండేది. నేనప్పుడు ఏడో తరగతి. మా నాన్న అందరి నాన్నల లాంటివాడు కాదని నాకు ఆ ఫ్రేము చూసే తెలిసింది.

“పన్నెండేండ్లు హైదరాబాద్‌ల వాళ్ల దగ్గర వీళ్ల దగ్గర పని చేసిన సార్. ఇది నా మొదటి సినిమా. వేరే కథ ఏదీ మనసుకు రాలే. మీ కథే తీస్త.”

“నాదేం కథ? లెక్కలు చెప్పిన, జీతం తీసుకున్న,” అన్నాడు అబ్బా.

ఆ మాటకు మా అన్న ముదస్సిర్ అడ్డొచ్చాడు. కోరుట్ల బస్టాండు వెనకాల ‘ఖాజా సార్ అకాడమీ’ అని ట్యూషన్ సెంటర్ అతనిది. బోర్డు మీద ‘నూరు శాతం ఫలితాలు’ అని అబ్బా ఫోటో కంటే పెద్ద అక్షరాలు ఉంటాయి. “గట్లంటరేంది అబ్బా? మీ శిష్యుడు ప్రేమతోని అడుగుతుండు,” అన్నాడు. అమ్మీ రోజా ఉపవాసంలో ఉండి కూడా అతిథికి నిమ్మరసం కలిపి తెచ్చింది.

అబ్బా ఒక్కటే అడిగాడు. “పిల్లల పేర్లు అసలువే పెడ్తున్నవా?”

“అసలువే సార్. అందరిని అడిగిన.”

“అందరినా?”

“దొరికినోళ్లందరిని.”

అబ్బా పేపరు మడిచి పక్కన పెట్టాడు. మొహమాటమనుకున్నాను.

పండగ వెళ్లిన రెండు వారాలకు బడులకు సెలవులిచ్చారు. ఖాళీ అయిన ఒక బడిలో షూటింగ్ మొదలైంది. సెలవు దొరికినప్పుడల్లా నేను అబ్బాను ముదస్సిర్ కారులో సిరిసిల్ల తీసుకెళ్లేదాన్ని. మొదటి వారం పండగలాగే గడిచింది. అబ్బా వేషం వేసినతను నాటకాల మనిషి, పేరు భాస్కర్. చాక్‌పీసును రెండు ముక్కలు చేసి, ఒక ముక్క జేబులో వేసుకోవడం, తప్పు లెక్క చేసిన పిల్లవాడి చెవి పట్టుకోబోయి తల నిమరడం — అబ్బా అలవాట్లన్నీ పట్టేశాడు. అబ్బా కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. పాత విద్యార్థులు వచ్చేవాళ్లు. ఒకతను ఆటో నడుపుతాడు, ఒకతను బ్యాంకులో పని చేస్తాడు. గోవర్ధన్ అనే అతనికి సొంతంగా ఎనిమిది సాంచలున్నాయి. “సారు ఆ పొద్దు నన్ను గుంజుకపోకుంటే నేను గిట్లుందునా?” అని నా చేతులు పట్టుకుని చెప్పాడు. అది అబద్ధం కాదు. అతని షెడ్డుకు అబ్బా నిజంగానే వెళ్లాడు.

ఆ రోజు షూటింగ్ కూడా గోవర్ధన్ షెడ్డులోనే. సాంచలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్క మనిషి మాట వినబడదు. పదిహేనేళ్ల పిల్లవాడు తెగిన పోగు ముడి వేస్తుంటాడు. సారు వేషంలో ఉన్న భాస్కర్ గుమ్మంలోకి వస్తాడు. ఒక్కొక్క సాంచా ఆగిపోతుంది. అప్పుడు పెద్ద డైలాగు.

“నరేశ్! దారం తెగితే ముడేస్తవు. చదువు తెగితే ముడేసేటోడు లేడనుకున్నవా? నేనున్నరా!”

ఇంకా చాలా ఉంది. నాలుగు నిమిషాలు మాట్లాడాడు. పిల్లవాడు చేతులు తుడుచుకుని సారు వెంట నడుస్తాడు. మూలన నిలబడ్డ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. కట్ అనగానే అక్కడున్న అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూ పక్కకు చూస్తే అబ్బా కుర్చీ ఖాళీగా ఉంది.

బయట నూలు మూటల పక్కన, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. షుగర్ పడిపోయిందేమోనని నాడి పట్టుకు చూశాను. బాగానే ఉంది.

“గా పిలగాని పేరేందన్నరు?”

“నరేశ్ అబ్బా. ఏమయింది?”

“ఇంటికి పోదాం పా.”

వేములవాడ దాటాం, చందుర్తి దాటాం. రుద్రంగిలో చాయ్ కోసం ఆపాను. గ్లాసు చేతిలో పట్టుకుని, అది చల్లారేదాకా పొలాల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒలకబోసి కారెక్కాడు.

మా ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. బడి సంగతులు చెప్పాల్సి వస్తే మాత్రం అబ్బా తెలుగులోకి దిగిపోతాడు. మరునాడు మధ్యాహ్నం అమ్మీ పచ్చడికి మామిడికాయలు కోస్తోంది. ముదస్సిర్ అన్నానికి వచ్చాడు. అబ్బా అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా, తెలుగులో మొదలుపెట్టాడు.

“నలభై ఒక్కమంది గాదు. నలభై రెండుమంది.”

మాకు అర్థం కాలేదు.

“నరేశ్ నలభై రెండోడు. పరీక్షకు పేర్లు పంపేటప్పుడు వాని పేరు నేను పంపలే. హాజరు తక్కువున్నదని రాసిన. తక్కువున్న మాట నిజమే. తండ్రి పోయిండు, ఇంటి బరువు వాని మీద పడ్డది, సాంచల మీదికి పోతుండె. కని ఇంక అయిదుగురికి సుత హాజరు తక్కువనే ఉండె. వాళ్ల ఇండ్లకు పోయి తీస్కచ్చిన, రిజిస్టర్ల సరిజేసిన. వాళ్లు ఎట్లనన్న గట్టెక్కుతరు. వీనికి లెక్కలల్ల పదకొండు మార్కులు. వీడు రాస్తే నూరు శాతం పోతది.”

“అది రూలే గద అబ్బా,” అన్నాడు ముదస్సిర్.

“రూలు గా అయిదుగురికి లేకుండెనా?” అబ్బా గొంతు పెంచలేదు. “వాడు స్టాఫ్‌రూముకొచ్చిండు. ‘సార్, ఇంక మూడు నెలలున్నది, చదువుత సార్’ అన్నడు. వచ్చేయేడు రాయి, గీయేడు నా రిజల్టు ఖరాబు చెయ్యకు అన్న. నా రిజల్టు అన్న. గదే మాట.”

“తర్వాత?” అని అడిగాను.

“రెండేండ్లు సాంచలు నడిపిండు. ఆ తర్వాత భీవండి పోయిండు. గాడ కామెర్లు ముదిరి సచ్చిపోయిండు. పంతొమ్మిదేండ్లు.”

పంతొమ్మిదేళ్ల వాడు కామెర్లతో చావనక్కరలేదు. వేళకు ఎవరైనా ఆసుపత్రికి తీసుకుపోతే చాలు. అలాంటివాళ్లు లేచి నడుచుకుంటూ ఇంటికి వెళ్లడం నేను నెలనెలా చూస్తాను. ఆ మాట అబ్బాతో అనలేదు.

ముదస్సిర్ కంచం పక్కకు జరిపాడు. “ఇరవై ఒక్కేండ్లాయె. ఎవలికి యాదికున్నది? సినిమా సగం అయిపోయింది. జూన్‌ల అడ్మిషన్లు. ఇప్పుడు గివన్నీ తవ్వుకునుడు ఎందుకు?”

అమ్మీ కత్తిపీట ఆపింది. “ఆ పిల్లగాని తల్లి ఉన్నదా?”

“ఉన్నది. ఊర్మిల.”

“ఎన్నడన్న పోయి కలిసిన్రా?”

అబ్బా తల అడ్డంగా ఊపాడు. అమ్మీ చేతులు కడుక్కోవడానికని పెరట్లోకి వెళ్లింది. చాలాసేపు తిరిగి రాలేదు. ఆమె కూడా ఆ ఫ్రేమును ఇన్నేళ్లుగా శుక్రవారం శుక్రవారం తుడుస్తూ వచ్చింది.

ప్రేమ్‌సాగర్‌కు ఈ సంగతి ఫోన్లో చెప్పనన్నాడు అబ్బా. రెండు రోజులు సెలవు పెట్టి నేనే తీసుకెళ్లాను. బడి వరండాలో, యూనిట్ వాళ్లు భోజనాలు చేస్తుండగా, ఒక మూల నిలబడి అంతా చెప్పాడు. ప్రేమ్‌సాగర్ విన్నంతసేపూ తల ఎత్తలేదు.

“వాడు నా పక్కనే కూసునేటోడు సార్,” అన్నాడు చివరికి. “వాడే బడి ఇడిసిపెట్టిండు అనుకున్న. పోయిండని తెలిసినంక మస్తు బాధయింది. సినిమాలనన్న వాపస్ తెద్దామని గా సీన్ రాసిన.”

“తీసెయ్యి. లేకుంటే జరిగింది జరిగినట్లు తియ్యి. నేను చేసింది సుత పెట్టు.”

అతను అటూ ఇటూ నడిచాడు. నడుస్తున్నకొద్దీ ముఖం వెలిగింది. “సార్... ఇదే అసలు సినిమా. నూరు శాతం ఎనుక ఒక్కడు! క్లైమాక్స్ మొత్తం మారుస్త. గిసుంటి సినిమా ఎవ్వలు తియ్యలే సార్.”

ఆ వెలుగు నాకు నచ్చలేదు. అబ్బా మాత్రం దాన్ని గమనించనట్టే ఉన్నాడు. “తియ్యి. కని ముందుగాల ఆ తల్లిని అడగాలె,” అన్నాడు.

ఊర్మిలమ్మ ఒక కుట్టు షెడ్డులో పని చేస్తోంది. సర్కారు బడి పిల్లలకు జూన్‌లో ఇచ్చే యూనిఫాంలు ఎండాకాలమంతా అక్కడ కుడతారు. వరుసగా మిషన్లు, ఒక్కో మిషను పక్కన గళ్ల చొక్కాల కుప్ప. ముప్పై మంది ఆడవాళ్లలో ఆమె ఎవరో నాకు తెలియలేదు. అబ్బాకూ తెలియలేదు. ఆమే గుర్తుపట్టి లేచింది. నెరిసిన జుట్టు, మెడలో కొలతల టేపు.

“సారూ! మీరా?”

బయట రేకుల నీడలోకి కుర్చీ తెచ్చి వేసింది. అబ్బా కూర్చోలేదు. చేతులు ముందు కట్టుకుని నిలబడి చెప్పాడు. స్టాఫ్‌రూములో అన్న మాట కూడా దాచలేదు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. చివర్న కొలతల టేపు మెడలోంచి తీసి, చుట్ట చుట్టి చేతిలో పట్టుకుంది.

“గివన్నీ నాకెరుకే సారూ. గా దినమే చెప్పిండు పోరడు.”

అబ్బా ఆమె వైపు చూశాడు.

“మీరు మా వాడకొచ్చిన్రు. గోవర్ధన్‌ను తీస్కపోయిన్రు. మా ఇంటి ముంగటికెల్లే పోయిన్రు. నరేశ్ అంగీ తొడుక్కొని, సంచి పట్టుకొని గడపల కూసున్నడు. ‘సారు వరుస పెట్టి వస్తుండే అమ్మా, రేపు మనింటికి వస్తడు’ అన్నడు. సారు కోపంల అన్నడు గని మనసుల పెట్టుకోడు అన్నడు. నాలుగు దినాలు కూసున్నడు సారూ. అయిదో దినం పనికి పోయిండు.”

లోపల మిషన్లు ఆడుతున్నాయి. అబ్బా జేబురుమాలు తీశాడు కానీ ముఖం తుడుచుకోవడం మరిచిపోయాడు.

ప్రేమ్‌సాగర్ ముందుకొచ్చాడు. “అమ్మా, నేను నరేశ్ దోస్తును. సినిమాల నిజం చూపెడ్త. నరేశ్‌కు ఏం జరిగిందో లోకమంత చూస్తది. వానికి న్యాయం జరుగుతది.”

“ఇప్పుడేమున్నది నాయినా సినిమాల?”

“ఇప్పుడయితే... సారు షెడ్డుకు వచ్చి నరేశ్‌ను బడికి తీస్కపోతడు. నరేశ్ పరీక్ష రాస్తడు.”

“పాసయితడా?”

“అయితడమ్మా.”

ఆమె టేపు చుట్ట విప్పి, మళ్లీ చుట్టింది. “గట్లనే ఉంచు.”

“అమ్మా, అది జరగలేదు గద—”

“జరగలేదని నాకు చెప్తవా? నిజం నేను దినాం చూస్తున్న. సినిమాల సుత గదే చూడాల్నా?”

అబ్బా ఒక అడుగు ముందుకు వేశాడు. “అమ్మా ఊర్మిలా, అది అబద్ధం. అందరు నన్ను మెచ్చుకుంటరు. చెయ్యని పనికి నన్ను దండలేసి మొక్కుతరు. నేనెట్ల కూసోవాలె?”

“కష్టమయితది సారూ. నాకెరుకే. గది మీరు మొయ్యుండ్రి.” ఆమె మాటలో కోపం లేదు. బేరం కుదుర్చుకుంటున్నట్టు నెమ్మదిగా అంది. “నా కొడుకును మాత్రం బడికెల్లి మల్లోసారి ఎల్లగొట్టకుండ్రి.”

లోపలి నుంచి ఎవరో పిలిచారు. కొంగు దోపుకుని వెళ్లిపోయింది. మేము ముగ్గురం అలా నిలబడే ఉన్నాం. కాసేపటికి ఆమె మిషను చప్పుడు కూడా మిగతా చప్పుళ్లలో కలిసిపోయింది.

ప్రేమ్‌సాగర్ కథ మార్చలేదు.

ఆ ఎండాకాలం మిగిలిన నెలంతా మా ఇంట్లో మాటలు తక్కువయ్యాయి. ఓట్ల రోజు కూడా నలుగురమూ వెళ్లి వేలికి సిరా పెట్టించుకుని ఎవరి దారిన వాళ్లం వచ్చాం. అమ్మీ ఒక శుక్రవారం ఫ్రేము దించి, తుడిచి, తిరిగి తగిలించకుండా బీరువాలో పెట్టింది. ఎందుకని ఎవరమూ అడగలేదు. పచ్చడి ఊరాక ఒక చిన్న జాడీ నింపి నా చేతికిచ్చి, “సిరిసిల్ల దిక్కు పోయినప్పుడు ఆమెకియ్యి. నేనిచ్చిన్నని చెప్పకు,” అంది. ఇచ్చాను. ఊర్మిలమ్మ వాసన చూసి, “సారు ఇంటోళ్లు పెట్టిన్రా?” అంది. ఊఁ అన్నాను.

ముదస్సిర్‌తోనే చిక్కు. బోర్డు మీద ‘నూరు శాతం’ అన్న మాట తీసేయమన్నాడు అబ్బా.

“గా మాటను చూసే తల్లిదండ్రులు వస్తరు అబ్బా.”

“గందుకే తియ్యుమంటున్న.”

“మీ తప్పుకు నన్ను శిక్షిస్తున్రా?”

పదిహేను రోజులు ఆ ఇద్దరూ అన్నానికి పరిచే ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని తిన్నారే గాని ఒకరినొకరు పలకరించుకోలేదు. జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం జగిత్యాల బస్సు దిగి నడిచి వస్తుంటే అకాడమీ బోర్డు మీద తెల్ల రంగు పట్టీ కనిపించింది. పెయింటర్ నిచ్చెన దిగుతున్నాడు. ముదస్సిర్ కింద నిలబడి, నన్ను చూసి కూడా చూడనట్టు, “ఆ మూలకు ఇంకో చెయ్యి ఎయ్యి,” అంటున్నాడు. ఆ ఏడాది చేరినవాళ్లు తగ్గారు. చేరినవాళ్లలో లెక్కల్లో వెనకబడ్డ ఏడుగురిని అబ్బా విడిగా కూర్చోబెట్టుకుని, మళ్లీ భిన్నాల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ముదస్సిర్ మర్నాడే ఆ గదికి ఫ్యాను బిగించాడు.

సినిమా తయారయ్యేసరికి సెప్టెంబరు వచ్చింది. విడుదలకు ముందు సిరిసిల్లలో బడి పిల్లల కోసం ఒక ఆట వేస్తున్నామని, సారు తప్పక రావాలని ప్రేమ్‌సాగర్ కబురు పెట్టాడు. అబ్బా రానన్నాడు. ఒంట్లో బాగాలేదన్నాడు. అమ్మీ ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది.

“ఆ తల్లి మొయ్యుమన్నది గద. లేవుండ్రి.”

తనూ బురఖా వేసుకుని కారెక్కింది. మా అమ్మీ సినిమా హాలుకు రావడం నాకు తెలిసి అదే మొదటిసారి.

హాలంతా పిల్లలు. పొద్దున పదకొండింటి ఆట. మొదటి వరుసలో అబ్బా, ఆయన పక్కన ఒక ఖాళీ కుర్చీ, తర్వాత నేను, అమ్మీ. చీకటి పడబోయే ముందు ప్రేమ్‌సాగర్ ఊర్మిలమ్మను తీసుకొచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టాడు. నీలం రంగు చీర, తలనిండా నూనె, పాపట తీసి దువ్వుకుంది.

షెడ్డు సీను వచ్చింది. భాస్కర్ నాలుగు నిమిషాలూ మాట్లాడాడు. పిల్లలు ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. అబ్బా తల వంచుకుని తన చేతుల వైపే చూసుకుంటున్నాడు. ఊర్మిలమ్మ రెప్ప వేయలేదు. ఫలితాల రోజు నరేశ్ పేపర్లో తన నంబరు వెతుక్కుంటాడు. వేలు కిందికి జారుతూ జారుతూ ఒకచోట ఆగుతుంది. ఊర్మిలమ్మ నోరు కొంచెం తెరుచుకుంది. నా వైపు వంగి గుసగుసగా అడిగింది.

“ఎన్ని మార్కులొచ్చినయంట?”

సినిమాలో అది చెప్పలేదు. “సెకండ్ క్లాసంట అమ్మా,” అన్నాను.

“లెక్కలల్ల?”

“యాభై రెండు.”

ఆమె తల ఊపింది. అంత చాలన్నట్టు వెనక్కి ఆనుకుంది.

ఆట అయిపోయి దీపాలు వెలిగాక ప్రేమ్‌సాగర్ అబ్బాను వేదిక మీదికి పిలిచాడు. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. శాలువా కప్పారు. శాలువా కింద అబ్బా భుజాలు వంగిపోయాయి. ఎవరైనా సారును ఏమైనా అడగొచ్చన్నారు. రెండు జడల టెన్త్ పిల్ల, సింధూజ అని పేరు చెప్పి, మైకు పట్టుకుంది.

“సార్, నరేశ్ అన్నను బడికి తీస్కరావడానికి పోయినప్పుడు... నిజంగ మీరు గట్లనే మాట్లాడిన్రా? గా దినం ఏం జరిగిందో మీరు చెప్తే ఇనాలని ఉంది సార్.”

అబ్బా మైకు దగ్గరకు వచ్చాడు. నోరు తెరిచాడు. పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఆయన పెదవులు కదులుతున్నాయి గానీ ఏ మాట కూడుకోవడం లేదు. ఇక చెప్పేస్తాడని నాకు తెలిసిపోయింది. నిజం చెప్పేస్తాడు. నా పక్కన అమ్మీ తస్బీ పూసలు తిప్పడం ఆపింది.

“నేను చెప్త,” అంది ఊర్మిలమ్మ.

లేచి, కొంగు సర్దుకుని, మెట్లెక్కి, అబ్బా చేతిలోంచి మైకు తీసుకుంది.

“నేను నరేశ్ తల్లిని. సినిమాల చూపెట్టినట్లు గాదు. గంత పెద్దగ సారు ఏం మాట్లాడలే. షెడ్డుకు సుత రాలే. మా ఇంటికే వచ్చిండు. పొద్దుగాల. అప్పుడే వాకిలి ఊడ్చి సాన్పు జల్లిన. తడి మీద అడుగులు పడుతయని సారు పక్కకెల్లి నడిచొచ్చిండు. నరేశ్ గడపల కూసొని ఉన్నడు. చాయ్ పెడ్త సారూ అన్న. వద్దన్నడు. బడికి టైమయితుంది అన్నడు.”

కింద పిల్లలు మెడలు చాచి వింటున్నారు.

“మరి అన్నతోని ఏమన్నరు?” సింధూజ కింద నుంచి అడిగింది.

“ఏమంటడు బిడ్డా? ‘పా నరేశ్, పోదాం’ అన్నడు.”

“గంతేనా?”

“గంతే. గంతకన్న ఎక్కువ ఏం అక్కర లేకుండె. సంచి తీసుకొని ఎంట పోయిండు. నేను వాకిట్ల నిలవడి చూసిన. పిట్టగోడ కాడ మలుపు ఉండె. మలుపు తిరిగేటప్పుడు ఒకసారి ఎన్కకు చూసిండు నా దిక్కు. మల్ల పోయిండు.”

ముందు ఒకరు, తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. ఊర్మిలమ్మ మైకు ప్రేమ్‌సాగర్‌కు ఇచ్చేసింది. అబ్బా నిలబడ్డ చోటే నిలబడి ఏడుస్తున్నాడు. దాచుకోవడానికి కూడా చెయ్యి పైకి లేవడం లేదు. ఆమె ఆయన మోచేయి పట్టుకుని, జారిపోతున్న శాలువా భుజం మీదికి సర్దింది.

“ఊకోండ్రి సారూ,” అంది మెల్లగా. “పిల్లలు చూస్తుండ్రు.”